సవరణ: కుంటుతున్న గ్రేహౌండ్ జాతి కుక్కను రెండు వారాలు గమనించమన్న మాట గురించి

కారణం తెలియకుండా కుంటుతుంటే రెండు వారాలు విశ్రాంతి ఇచ్చి చూడమని ఇంతకుముందు రాశాం. అది తప్పు. గ్రేహౌండ్లలో ఎముక క్యాన్సర్ ఎక్కువ, మొదట్లో అచ్చం బెణుకులాగే ఉంటుంది. ముందుకాలి మణికట్టు పైన, భుజం దగ్గర, వెనకకాలి మోకాలి చుట్టూ నొక్కితే నొప్పి గానీ వాపు గానీ ఉంటే ఆగకుండా ఎక్స్‌రే తీయించండి, రెండు కోణాల్లో. కాలు అసలు మోపకపోతే అదే రోజు.

అరికాలి మెత్తలు కూడా తడిపి చూడండి. ఆనెకాయ ఉంటే గుండ్రటి గట్టి మచ్చగా తేలుతుంది, ఎక్కువగా ముందుకాళ్ల నడిమి వేళ్ల కింద. గట్టి నేల మీద కుంటి, గడ్డి మీద బాగా నడిస్తే అనుమానం దాని మీదే. అయినా ఆనె దొరికిందని ఎక్స్‌రే మానొద్దు, రెండూ ఉండొచ్చు.

నొప్పి తగ్గాలని మనుషులు వాడే ఇబుప్రోఫెన్ మాత్రం ఇవ్వకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.