మహారాజశ్రీ తూము గొట్టం గారికి

మహారాజశ్రీ 90 సెంటీమీటర్ల సిమెంటు గొట్టం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ ఇక్కడ కుశలం మీ ఒక్కరిదే.

కొండపాదంలో రోడ్డు కింద పడుకుని 3 మీటర్ల వెడల్పున్న వాగును నోట్లో పట్టించేశారు. మిమ్మల్ని ఎంచినవాళ్లు నీళ్లు పోతాయా అని లెక్క చూశారు, పోతాయని తేలింది. వాగంటే నీళ్లేనా? వరదొస్తే గులకరాళ్లు దొర్లించుకొస్తుంది, కూలిన చెట్లు మోసుకొస్తుంది. మీ నోటికి ఒక కొమ్మ అడ్డం పడితే చాలు, దానికి ఆకులు పడతాయి, ఆకులకు ఒండ్రు పడుతుంది. అప్పుడు నీళ్లు రోడ్డెక్కి, పక్క కాలువ పట్టుకుని, ఏనాడూ నీరు పారని వాలును కోసుకుంటూ పోతాయి.

ఇక దిగువన మీ వైభవం చెప్పనలవి కాదు. ఇరుకులో బిగిసిన నీరు మీ నున్నటి పొట్టలో వేగం పుంజుకుని, బయటపడ్డ చోట వాగు అడుగును తవ్వేస్తుంది. ఏటా కాస్త కాస్త. చివరికి మీ పెదవి గాల్లో వేలాడుతుంది, కింద మడుగు పడుతుంది. అర మీటరు జలపాతం! జనం ఫోటోలు తీసుకుంటారు. వేలెడంత చేపకు మాత్రం అది కోటగోడ. గుడ్లు పెట్టడానికి ఎగువకు పోవాల్సినవి మడుగులోనే తిరుగుతుంటే కొంగలకు రోజూ బంతిభోజనం. అన్నదాత అన్న పేరు మీకే దక్కాలి. ఎగువ మిగిలిన నాలుగు చేపలు ఒక కరువులో పోతే, వాటి చోటికి కిందినుంచి మళ్లీ వచ్చేవి ఉండవు.

నీటికుక్కలు గట్టు వెంబడి నడుస్తాయి. వాగు నిండినప్పుడు మీలో పొడి గట్టన్నది ఉండదు గనక పైకెక్కి రోడ్డు దాటుతాయి. అక్కడ లారీలు వస్తుంటాయి.

మీకు వైద్యమూ జరిగింది. పెదవి కింద బండరాళ్లు గుట్టగా పోశారు. రాళ్ల సందుల్లో ఇసుకా మట్టీ నీళ్లతో కొట్టి నింపలేదు కాబట్టి, వేసవిలో పారే కాస్త నీరూ రాళ్ల కిందికి దిగిపోయింది. చేపకు ముందు గోడే ఉండేది, ఇప్పుడు నీళ్లూ లేవు.

అందుకని మీ వారసుణ్ణి ఎంచే పనిలో ఉన్నాం. వాగు వెడల్పు మీ దగ్గర కొలవం. మీ ఎగువ ఒండ్రు మేట వేసింది, దిగువ గట్లు కోసుకుపోయాయి, రెండూ అబద్ధమే చెబుతాయి. మీ ప్రభావం సోకని ఎగువకు పోయి, శాశ్వతంగా మొక్కలు నిలిచే గీత నుంచి అవతలి గీత దాకా పలుచోట్ల కొలిచి సగటు తీస్తాం. మీ వారసుడి వెడల్పు దానికి 1.2 రెట్లు కనీసం, అంటే 3.6 మీటర్లు. అడుగు లేని కమాను, కోత లోతుకు కింద పునాదులు, లోపల వాగు రాళ్లే, రెండు పక్కలా పొడి గట్టు.

మిమ్మల్ని ఊరికే పీకేస్తే ఎగువ మేట జారి, కోత కొండ వైపు పాకుతూ పోతుంది. కనుక ముందు వాగు వాలు సర్వే చేసి, అడుగున రాతిమెట్లు కడతాం. ఒక్కో మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటదు.

ఇట్లు,
వాగు తరఫువాళ్లు

తా.క. నీరు సన్నబడ్డాక, మడుగులో చేపల్ని వలతో తరలించి, వాగును పక్కకు మళ్లించాకే పొక్లెయిన్ వస్తుంది. పగలకుండా ఎత్తమని డ్రైవరుకు చెప్పాం. నిలువుగా నిలబెట్టి మట్టి నింపితే మీరు మంచి పూలకుండీ అవుతారు.