అక్క చేత అమ్మ డ్యూటీ చేయించడం అంత గొప్పేం కాదు

అమ్మ పోయినప్పుడు అక్కకి 19, నాకు 12. దినం భోజనాలు అయ్యాక వచ్చినోళ్లందరూ అక్క తల నిమిరి "ఇకనుంచి చెల్లికి నువ్వే అమ్మవి" అని చెప్పి ఎవరి బస్సు వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు, అక్కకి ఇంకో నెలలో డిగ్రీ పరీక్షలున్నాయన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. రాసింది గానీ రెండు పేపర్లు పోయాయి.

మన ఇళ్లల్లో ఈ మాటని పెద్ద మెచ్చుకోలు అనుకుంటారు. నాకైతే అది పని అప్పజెప్పడం లాగానే అనిపిస్తుంది, అదీ అధికారం ఇవ్వకుండా.

ఏడాది తిరిగాక నేను పెద్దమనిషినయ్యాను. స్కూల్ నుంచి ఏడ్చుకుంటూ వస్తే అక్క ఒక్క నిమిషం బిత్తరపోయి, తర్వాత తలుపేసి ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపించింది, నువ్వులు వేయించి బెల్లమేసి దంచి చిమ్మిలి చేసింది, బెల్లం ఎక్కువైపోయి వేళ్లకి అంటుకుపోయింది, ఆ రుచి ఇప్పటికీ గుర్తే. తీరా ఫంక్షన్ రోజు నన్ను పీట మీద కూర్చోబెట్టి పసుపు రాసే దగ్గరికి అక్కని రానివ్వలేదు. ముత్తైదువలే రాయాలంట, పెళ్లికాని పిల్ల కదా. అక్క వెనకాల విస్తరాకులు లెక్కపెట్టుకుంటూ నిలబడింది. వండిపెట్టడానికి అమ్మ, పసుపు రాయడానికేమో చిన్నపిల్ల.

చట్టం కూడా పెద్ద తేడాగా ఏం లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో మైనర్ పిల్లలకి సహజ సంరక్షకులంటే తండ్రి, ఆయన తర్వాత తల్లి, అక్క ఊసే లేదు. ఇద్దరూ పోతే అక్క మేజర్ అయినా సరే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకెళ్లి ఆర్డర్ తెచ్చుకోవాలి. పిల్లల మంచి కోసం కోర్టు చూడాలి, అది కరెక్టే. కోవిడ్ టైంలో 2021లో వచ్చిన పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ అనే కేంద్ర పథకం చూడండి, కోవిడ్‌తో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకి 23 ఏళ్లొచ్చేసరికి 10 లక్షలన్నారు, కానీ తల్లిదండ్రులు పోయిన రోజుకి పిల్లలకి 18 నిండకూడదన్నారు. అంటే ఒకే ఇంట్లో 17 ఏళ్ల చెల్లి అనాథ, 19 ఏళ్ల అక్క కాదు. ఆ చెల్లిని చూసుకునేది మాత్రం ఎవరు?

ఇదంతా ఒకెత్తు, ఏడాదిలోపే అక్క పెళ్లి చేసేయాలని పెద్దలు పెట్టిన గోల ఇంకో ఎత్తు. నాన్న ఒప్పుకోలేదు, ఆ ఒక్క విషయంలో ఆయనకి దండం పెట్టాలి.

నేనేం బంగారు చెల్లిని కాదు. ట్యూషన్ ఎగ్గొట్టి దొరికిపోయినప్పుడు "నువ్వేం మా అమ్మవి కాదు" అని మొహం మీదే అనేశాను. అక్క ఏం అనలేదు, అన్నం పెట్టింది. అప్పుడు తిరిగి నాలుగు తిట్టుంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది, ఎందుకంటే అమ్మలాగా ఓర్చుకుంటూ పోవడంలో మాకు అక్కాచెల్లెళ్లలా కొట్టుకునే ఛాన్సే లేకుండా పోయింది.

ఆ కొట్టుకోవడం నాకు ఉద్యోగం వచ్చి, నా ఫీజుల బాధ అక్కకి తప్పాకే మొదలైంది. మొన్న సంక్రాంతికి నా కొత్త చీర అడక్కుండా కట్టుకుని దాని మీద పులిహోర నూనె పోసుకుంది. నేను అరిచాను. అక్క కూడా తిరిగి అరిచింది, నాన్న టీవీ సౌండ్ పెంచేశాడు.