ఇంటి కాగితాలు చదివేదెవరు?

(వాయవ్య ఇంగ్లండ్‌లో చెషైర్ కౌంటీలోని నార్త్‌విచ్ పట్టణం. అక్క అక్కడి ఆసుపత్రిలో నర్సు. చెల్లెలు, ఆమె భర్త ఇన్నాళ్లూ రెడింగ్‌లో అద్దెకున్నారు. ఇప్పుడు నార్త్‌విచ్‌లో 3,10,000 పౌండ్లకు ఒక ఇల్లు బేరం కుదిరింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇల్లు చేతులు మారే చట్టపరమైన పనిని కన్వేయన్సింగ్ అంటారు. స్కాట్లండ్ పద్ధతి వేరు. అమ్మేవారి తరఫున ఒకరు, కొనేవారి తరఫున ఒకరు, సాధారణంగా సొలిసిటర్ అనే న్యాయవాది, ఆ పని చూస్తారు. ఆ మనిషిని ఎలా ఎంచుకోవాలన్నదే ఈ అక్కచెల్లెళ్ల వాదన. రాస్తున్న నా మొగ్గు అక్క వైపే. అయినా చెల్లెలి మాటల్లో కొన్నింటికి నా దగ్గర జవాబు లేదు, అందుకే వాటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.)

చెల్లెలు: అక్కా, రెండు కొటేషన్లు పంపాను, చూశావా? ఆన్‌లైన్ సంస్థ 795 పౌండ్లు అంటోంది. మీ ఊరి సొలిసిటర్ 1,450 అంటున్నారు. చేసే పని ఒకటే కదా, రెట్టింపు దగ్గర దగ్గర ఎందుకు ఇవ్వాలి?

అక్క: మొదటి పేజీ చూసి ఆగిపోయావు. రెండో పేజీ తియ్యి, చదువుదాం. బ్యాంకు రుణం ఉంటే అదనంగా 150. తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బు కలిస్తే 120. స్టాంప్ డ్యూటీ ఫారం నింపినందుకు 95. గుర్తింపు తనిఖీ మనిషికి 20, మీరిద్దరికీ 40. బ్యాంకు నుంచి డబ్బు పంపిన ప్రతిసారీ 45, అది రెండుసార్లు ఉంటుంది కాబట్టి 90. అన్నీ కలిపితే 1,290. దాని మీద 20 శాతం వ్యాట్ వేస్తే 1,548. ఊరి సొలిసిటర్ చెప్పిన 1,450లో ఇవన్నీ కలిసే ఉన్నాయి. వ్యాట్‌తో 1,740. నువ్వు చూసిన తేడా ఆరువందల పైన. అసలు తేడా 192.

చెల్లెలు: సరే, 192. అది కూడా నా డబ్బే. పైగా ధరలు దాచారని ఆన్‌లైన్ వాళ్లనే అనడం న్యాయం కాదు. 2018 డిసెంబరు నుంచి సొలిసిటర్లు ఈ పనికి ఎంత తీసుకుంటారో తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని నియమం వచ్చింది. రెండో పేజీ చదవకపోవడం నా తప్పు, వాళ్లది కాదు.

అక్క: ఆ సంస్థ పేరు నీకు చెప్పిందెవరు?

చెల్లెలు: ఎస్టేట్ ఏజెంటు. మమ్మల్ని పంపినందుకు వాళ్లకు ఆ సంస్థ నుంచి రుసుము ముడుతుందని కూడా రాసి ఇచ్చారు. దాచలేదు.

అక్క: రాసి ఇవ్వాలి, అది నియమం. కానీ ఆ ఏజెంటు ఎవరి మనిషి? ఇల్లు అమ్మేవాళ్ల మనిషి. కమీషన్ ఇచ్చేది వాళ్లే. బేరం త్వరగా ముగిస్తేనే ఆయనకు డబ్బు. నీ తరఫున అడ్డుపడి ప్రశ్నలు వేయాల్సిన న్యాయవాదిని ఆయన చూపించడం నాకు నచ్చదు. ఆ పేరు వద్దన్నావని నీ ఆఫరును ఏజెంటు పక్కన పెట్టకూడదు. అది మాత్రం గుర్తుపెట్టుకో.

చెల్లెలు: అది ఏజెంటు మీద వాదన, దూరం మీద కాదు. నేను వేరే ఆన్‌లైన్ సంస్థను వెతుక్కుంటాను. అసలు సంగతికి రా. ఇది మన గుంటూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కాదు. మన దగ్గర దస్తావేజు రిజిస్టర్ అయినంత మాత్రాన హక్కుకు ప్రభుత్వం పూచీ పడదు. అందుకే ఈసీ తీస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, చుట్టుపక్కల నలుగురినీ వాకబు చేస్తాం. అక్కడ ఊరి మనిషి కావాలి, ఒప్పుకుంటాను. ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీలో ఎవరి పేరుంటే హక్కు వాళ్లది. రిజిస్టరులో తప్పు వల్ల నష్టపోతే పరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఆ కాపీని కొద్ది పౌండ్లతో నేనే ఇంట్లో కూర్చుని తెచ్చుకోవచ్చు. న్యాయవాది ఆఫీసు నార్త్‌విచ్‌లో ఉంటే ఏమిటి, న్యూకాసిల్‌లో ఉంటే ఏమిటి?

అక్క: రిజిస్టరు హక్కు సంగతి చెబుతుంది. నేల సంగతి చెప్పదు. మన ఊరు కూర్చున్నది రాతి ఉప్పు మీద. తరతరాలుగా ఉప్పు తవ్వారు, నేల కింది ఉప్పునీరు తోడారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇళ్లూ దుకాణాలూ నిలువునా కుంగిపోయాయి. ఊరి మధ్యలో నలుపు తెలుపు చెక్క చట్రాల భవనాలు చూసి ముచ్చటపడి ఫోటోలు తీసుకున్నావు కదా, అవి ముచ్చట కోసం కట్టినవి కావు. నేల దిగబడితే జాకీలతో పైకి ఎత్తడానికి వీలుగా అలా కట్టారు.

చెల్లెలు: తెలుసు. అందుకే ఇల్లు కొనేముందు రికార్డుల్లో వెతికించే తనిఖీల్లో ఉప్పునీటి సెర్చ్ అని ఒకటి ఉంటుంది. పోస్ట్‌కోడ్ కొట్టగానే కంప్యూటర్ చెబుతుంది, ఈ ఇంటికి ఆ సెర్చ్ కావాలని. కార్న్‌వాల్‌లో తగరం గనులు, యార్క్‌షైర్‌లో బొగ్గు గనులు, అన్నీ అంతే. మనిషి మరిచిపోతాడేమో గాని కంప్యూటర్ మరిచిపోదు.

అక్క: సెర్చ్ తెప్పించడం కంప్యూటర్ చేస్తుంది, కాదనను. వచ్చిన జవాబును ఎవరు చదువుతారు? చెషైర్‌లో 1952 నాటి చట్టం కింద ఉప్పునీటి కుంగుబాటుకు పరిహారం ఇచ్చే బోర్డు ఉంది. వాళ్ల జవాబులో పరిహారం ‘కమ్యూట్’ అయిందని ఒక్క మాట ఉండవచ్చు. అంటే వెనకటి యజమానికి ఒకేసారి కొంత సొమ్ము ఇచ్చి ఆ ఇంటి లెక్క శాశ్వతంగా మూసేశారని అర్థం. రేపు గోడ బీటలు వారినా నువ్వు ఆ బోర్డును ఏమీ అడగలేవు. ఆ మాట కనిపించగానే ఈ ఊళ్లో పనిచేసే సొలిసిటర్ ఫోన్ తీసి నీతో మాట్లాడతారు, నీకు అప్పిచ్చే బ్యాంకుకు తెలియజేస్తారు, అమ్మేవాళ్లను అడుగుతారు: ఎప్పుడు జరిగింది, దెబ్బ బాగుచేశారా, కాగితాలేవి? రోజూ చూసే మాట కాబట్టి కన్ను అక్కడ ఆగుతుంది. నూట యాభై ఫైళ్లు చేతిలో పెట్టుకుని, ఒక్కొక్కటీ ఒక్కో ఊరిది చదివే మనిషికి అది అరవై పేజీల్లో ఒక పంక్తి. నీకు పంపుతారు, కింద ‘దయచేసి చదువుకోండి’ అని రాస్తారు.

చెల్లెలు: నూట యాభై అని నువ్వే అనుకుంటున్నావు.

అక్క: అనుకోవడం ఎందుకు, అడుగు. ‘నా ఫైలు చూసే మనిషి చేతిలో ఇప్పుడు ఎన్ని ఫైళ్లున్నాయి’ అని ఇద్దరినీ అడుగు.

చెల్లెలు: అడుగుతాను. కానీ నువ్వు ఒకటి మరిచిపోతున్నావు. నువ్వు పాత ఇల్లు అమ్మినప్పుడు పెట్టుకున్నది ఈ ఊరి సొలిసిటర్‌నే. ఆవిడ సెలవు మీద వెళితే రెండు వారాలు నీ ఫైలు ముట్టినవాళ్లు లేరు. కొనేవాళ్ల వెనక, ఒకదాని అమ్మకం మీద ఒకటి ఆధారపడిన ఇంకో రెండు ఇళ్ల గొలుసు ఉంది. ఎక్స్ఛేంజ్, అంటే రెండు వైపులా సంతకం చేసిన ఒప్పందాలు మార్చుకోవడం, అయ్యేదాకా ఇక్కడ ఎవరూ ఎవరికీ కట్టుబడి ఉండరు. ఆ రెండు వారాల్లో ఎవరు వెనక్కి తగ్గినా బేరం పోయేదే. నువ్వు రాత్రుళ్లు నాకు ఫోన్ చేసి బాధపడ్డావు. ఆన్‌లైన్ సంస్థలో ఒకరు లేకపోతే ఇంకొకరు అందుకుంటారు. ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో అర్ధరాత్రి కూడా చూసుకోవచ్చు.

అక్క: నిజం. ఆ ఆఫీసు దగ్గరికి నిన్ను పంపను. ఊళ్లో ఉన్నంత మాత్రాన మంచి సొలిసిటర్ అని నేను అనడం లేదు. ఒక్కరే నడిపే ఆఫీసు అయితే ఆ ఒక్కరు జ్వరం పడినా మన పని ఆగుతుంది. లేనప్పుడు ఎవరు చూస్తారని ముందే అడగాలి, అది నేను అడగలేదు. అయితే అర్ధరాత్రి తెర మీద కనిపించేది ‘సెర్చ్‌లు వచ్చాయి’ అనే పచ్చ గుర్తు. వాటిలో ఏముందో ఎవరైనా చదివారా అన్నది ఆ గుర్తు చెప్పదు. పైగా 2021 నవంబరులో ఏమైంది? ఎన్నో కన్వేయన్సింగ్ సంస్థలున్న ఒక పెద్ద గ్రూపు మీద సైబర్ దాడి జరిగితే, సామాన్లు లారీకి ఎక్కించుకున్న కుటుంబాలకు కూడా దిక్కు తోచలేదు.

చెల్లెలు: 2023 నవంబరు సంగతి నువ్వు చెప్పవు. న్యాయ సంస్థలకు కంప్యూటర్ సేవలు అందించే ఒక కంపెనీ దెబ్బతింటే పదుల సంఖ్యలో సొలిసిటర్ ఆఫీసులు ఆగిపోయాయి. వాటిలో చిన్నవీ ఉన్నాయి. ఊళ్లో ఆఫీసు అంటే బీరువాలో కాగితాల కట్టలు అనుకుంటున్నావేమో. వాళ్లదీ అదే తీగ.

(ఇక్కడ అక్క కాసేపు మాట్లాడలేదు. ఆ వాదన చెల్లెలిదే.)

అక్క: సరే, కంప్యూటర్లు వదిలేద్దాం. ఆన్‌లైన్ ఫారంలో ‘మొదటిసారి ఇల్లు కొంటున్నారా’ అని అడిగారు కదా. ఏమని పెట్టావు?

చెల్లెలు: అవును అని. ఈ దేశంలో మాకు ఇదే మొదటిది.

అక్క: మరి కూకట్‌పల్లి ఫ్లాటు?

చెల్లెలు: అది ఆయన పేరున హైదరాబాద్‌లో ఉంది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

అక్క: ఇద్దరి పేర్లా కొంటున్నారు. మొదటి ఇంటి రాయితీకి ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా లెక్కే. నిజంగా మొదటి ఇల్లే అయితే 3,00,000 దాకా స్టాంప్ డ్యూటీ లేదు, పైన ఉన్న పదివేల మీద 5 శాతం, అంటే 500 పౌండ్లు. రాయితీ లేకపోతే 5,500. అంతటితో పోదు. 40,000 పౌండ్లకు తక్కువ కాని ఇల్లు ఇంకోటి ఉంటే, అది ఏ దేశంలో ఉన్నా సరే, మొత్తం ధర మీద మరో 5 శాతం వేస్తారు. 2024 అక్టోబరు 31 నుంచి అదే రేటు. 15,500 కలిపితే 21,000. నువ్వు 500 అనుకుని కూర్చున్నావు. నాన్న నీకు రాసిచ్చిన ఖాళీ స్థలం మాత్రం ఇందులోకి రాదు, అది నివాసం కాదు కాబట్టి.

చెల్లెలు: ఇరవై ఒక్క వేలా!

అక్క: ఫ్లాటు ముందే అమ్మితే లెక్క మారుతుంది. అది నేను చెప్పాల్సింది కాదు, పన్ను తెలిసినవాళ్లను అడగాలి. నేను అనేది ఒకటే. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్న మనిషి ‘మీరు ఇండియా నుంచి వచ్చారు కదా, అక్కడ మీ ఇద్దరిలో ఎవరి పేరునైనా ఇల్లుందా’ అని అడుగుతారు. ఫారం నిన్ను ‘అవును’ పెట్టనిచ్చింది.

చెల్లెలు: అక్కా, నువ్వు మాట మారుస్తున్నావు. కూకట్‌పల్లి సంగతి తెలియడానికి నార్త్‌విచ్‌లో ఆఫీసు ఉండక్కర్లేదు. అది జాగ్రత్త సంగతి. జాగ్రత్తగా అడిగే మనిషి న్యూకాసిల్‌లోనూ ఉండవచ్చు. అసలు సొలిసిటరే కానక్కర్లేదు. 1985 చట్టంతో ఈ పని మీద సొలిసిటర్ల గుత్తాధిపత్యం పోయింది. లైసెన్స్ ఉన్న కన్వేయన్సర్లు చేసేదే ఈ పని, వాళ్ల మీద వేరే నియంత్రణ మండలి ఉంది. ఇంకో మాట చెప్పు. నాన్న తెనాలి స్థలం అమ్మి డబ్బు పంపుతున్నారు. అది ఎక్కడిదో రుజువు చూపనిదే ఇక్కడ ఏ న్యాయవాదీ ముట్టుకోరు. దస్తావేజు తెలుగులో ఉంది. మీ ఊరి సొలిసిటర్ జన్మలో తెలుగు దస్తావేజు చూసి ఉంటారా? లెస్టర్‌లోనో లండన్‌లోనో మనవాళ్ల పని రోజూ చేసే ఆఫీసులకు ఇది కొత్త కాదు.

అక్క: ఇది గట్టి మాట. నార్త్‌విచ్‌లో ఆ దస్తావేజు చూసి కంగారుపడే అవకాశం ఉంది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వారం పోతుంది. అందుకే నాన్నతో ఈ రోజే మాట్లాడు. దస్తావేజుకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం, కొన్నవాళ్లు కట్టిన సొమ్ము ఆయన ఖాతాలో పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ‘ఇది అప్పు కాదు, ఇంటిలో నాకు వాటా వద్దు’ అని ఆయన సంతకం చేసిన ఉత్తరం, పాస్‌పోర్టు కాపీ. భారత్‌లో ఉండే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లు దాటి పంపడానికి వీల్లేదు. నాన్న పంపేది అంత లేదు కాబట్టి ఆ బెంగ లేదు. ఇవన్నీ సిద్ధంగా ఉంటే ఎవరి దగ్గరికి వెళ్లినా నడుస్తుంది.

చెల్లెలు: అయితే ఇలా చేస్తాను. రేపు ఇద్దరికీ ఫోన్ చేస్తాను. ఒకవేళ ఆన్‌లైన్ సంస్థ, మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి నా ఫైలు చూస్తారని పేరుతో సహా రాసిస్తే, ఆ మనిషి ఉప్పునీటి సెర్చ్ గురించి నాకు సరిగ్గా చెప్పగలిగితే, నేను వాళ్లకే ఇస్తాను. నువ్వు కోపగించుకోకూడదు.

అక్క: రాసిస్తే ఇవ్వు, నాకు కోపమెందుకు? ముందు మీ బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఒప్పుకునే న్యాయ సంస్థల జాబితాలో, ఆ సంస్థ ఉందో లేదో కనుక్కో. లేకపోతే బ్యాంకు తరఫున వేరే న్యాయవాది వస్తారు, ఆ ఖర్చూ నీదే. ఇంకొకటి. ఎక్స్ఛేంజ్ రోజున పది శాతం, 31,000 పౌండ్లు పంపాలి. ‘మా ఖాతా మారింది, ఈ నంబరుకు పంపండి’ అని ఆ వారంలో ఈమెయిల్ వస్తే అది దొంగలది అనే అనుకో. అలా ఇళ్ల డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు.

చెల్లెలు: మొదటి రోజు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి సరిచూసుకుంటాను.

అక్క: ఆ రోజు ఫోన్ ఎవరూ ఎత్తకపోతే?

చెల్లెలు: ...నార్త్‌విచ్ ఆఫీసు అయితే నడిచి వెళ్లి అడగవచ్చు అంటావు.

అక్క: పది నిమిషాల నడక. నేనే వెళ్లి అడిగి వస్తాను.

చెల్లెలు: సరే, మొదటి ఫోన్ మీ ఊరి వాళ్లకే. లేనప్పుడు ఫైలు ఎవరు చూస్తారో నేను అడుగుతాను, నువ్వు అడగలేదు కదా.