ఆడపిల్ల చేతికి ఒక దళం ఇచ్చి చూడండి

బెంగళూరులో చాలా స్కూళ్ల వార్షికోత్సవాలకు వెళ్తే గేటు దగ్గర నీలం యూనిఫాం, మెడలో స్కార్ఫ్ వేసుకున్న ఆడపిల్లలు రెండు వరసల్లో నిలబడి కనిపిస్తారు. ముఖ్య అతిథి కారు దిగగానే ఒకరు బొట్టు పెడతారు, ఒకరు పూలగుత్తి ఇస్తారు, మిగతావాళ్లు సెల్యూట్ చేసి వేదిక దాకా నడిపిస్తారు. మగపిల్లలు స్కౌట్లుగా, ఆడపిల్లలు గైడ్లుగా చేరే స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉద్యమం గురించి మనలో చాలామంది తల్లిదండ్రులకు తెలిసింది అంతవరకే. అందుకే పదేళ్లు నిండిన పిల్ల ఫారం పట్టుకొచ్చి ‘గైడ్స్‌లో చేరతానమ్మా’ అంటే, చదువుకేం లాభం అని అడుగుతాం. రైల్వేలో స్కౌట్స్ కోటా కింద ఉద్యోగాలు ఉంటాయని జవాబు చెప్పేవాళ్లున్నారు. ఆ మాట నిజమే. కానీ అసలు లాభం దానికంటే చాలా ముందే మొదలవుతుంది. తన ఈడు పిల్లలు ఆరేడుగురితో కలిసి, పెద్దవాళ్లు మధ్యలో దూరకుండా, ఒక పని తలకెత్తుకుని చివరిదాకా చెయ్యడం మన ఇళ్లలో ఆడపిల్లకు దాదాపు ఎక్కడా దొరకని అవకాశం. గైడ్స్‌లో అది దొరుకుతుంది, దొరికేలా నడిపితే.

ఈ ఉద్యమంలో కీలకం పెట్రోల్ పద్ధతి, అంటే చిన్న చిన్న జట్లుగా పనిచెయ్యడం. గైడ్ కంపెనీలో, అంటే గైడ్ల దళంలో, పిల్లల్ని ఆరు నుంచి ఎనిమిది మంది చొప్పున పెట్రోళ్లుగా విడదీస్తారు. మల్లె, గులాబీ, కమలం అంటూ పూల పేర్లు పెట్టుకుంటారు. ప్రతి పెట్రోల్‌కీ వాళ్లలోంచే ఒక లీడర్. ఈ లీడర్లంతా కూర్చునే సమావేశాన్ని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. వచ్చే నెల ఏం చెయ్యాలి, కంపెనీ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, మాట తప్పిన పిల్లతో ఎలా మాట్లాడాలి, ఇవన్నీ అక్కడ తేలాలి. దళాన్ని నడిపే గైడ్ కెప్టెన్ పక్కన కూర్చుని సలహా చెప్పాలి తప్ప తీర్పు చెప్పకూడదు. పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్ల డబ్బు లెక్క మీద, తోటిపిల్ల తప్పు మీద నోరు విప్పి అభిప్రాయం చెప్పాల్సిన చోటు ఇంకెక్కడుంది?

ఈ హక్కు ఆడపిల్లలకు ఎవరూ పిలిచి ఇవ్వలేదు. స్కౌటింగ్‌కు ఆద్యుడైన బేడెన్ పావెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టింది మగపిల్లల కోసమే. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల ర్యాలీ జరిగితే, మేమూ స్కౌట్లమే అంటూ కొందరు అమ్మాయిలు తమంతట తామే వచ్చి నిలబడ్డారు. మరుసటి ఏడాది గర్ల్ గైడ్స్ పుట్టింది. అప్పటి పెద్దలకు భయం పట్టుకుంది, పిల్లలు మగరాయుళ్లలా తయారవుతారేమోనని. దాంతో నర్సింగుకూ ఇంటి పనికీ పెద్దపీట వేశారు. మన దేశంలో స్కౌటింగ్ 1909లో ఈ బెంగళూరులోనే మొదలైంది. గైడ్ల మొదటి కంపెనీ 1911లో జబల్‌పూర్‌లో వచ్చింది. రెండూ మొదట్లో తెల్లవాళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు పరిమితం. 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది, 1951 ఆగస్టు 15న గైడ్ల సంఘం అందులో చేరింది. సంస్థ ఒకటే అయినా దళాలు వేరువేరు. ఆడపిల్లల కంపెనీని నడిపేది మహిళా కెప్టెన్.

అమెరికాలో 2019 నుంచి అమ్మాయిలూ బాయ్ స్కౌట్స్ కార్యక్రమంలో చేరుతున్నారు. మనమూ కలిపెయ్యాలి కదా అనేవాళ్లున్నారు. పదో తరగతి దాకా వేరుగా ఉండడమే మేలని నా అభిప్రాయం. మన దగ్గర కలిపిన గుంపుల్లో టెంటు తాడు అబ్బాయి చేతికి, కూరగాయల కత్తి అమ్మాయి చేతికి వెళ్లిపోతాయి. ఎవరూ చెప్పక్కర్లేదు, పిల్లలే పంచేసుకుంటారు. అమ్మాయిలు మాత్రమే ఉన్న చోట తాడు కట్టేదీ వాళ్లే, బరువు ఎత్తేదీ వాళ్లే, దారి తప్పితే వెతకాల్సిందీ వాళ్లే.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం అపార్ట్‌మెంట్లలో పెరిగే మన తెలుగు పిల్లల్ని చూడండి. లిఫ్టు దిగితే స్కూలు బస్సు, బస్సు దిగితే ట్యూషన్, ఆదివారం ఫౌండేషన్ క్లాసు. రోడ్డు దాటి పెరుగు ప్యాకెట్ తెమ్మంటే వాచ్‌మన్‌కి ఫోన్ చేసే ఇళ్లున్నాయి. ట్రాఫిక్‌కి భయపడతాం, మనుషులకు భయపడతాం, ఆ భయాల్లో అబద్ధమేమీ లేదు. కానీ లెక్క చివరికి ఎక్కడ తేలుతుందో కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో బజారుకు, ఆసుపత్రికి, ఊరి బయటికి, ఈ మూడు చోట్లకూ ఒంటరిగా వెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్లు నూటికి 42 మందే.

ఇదే నగరంలో ఇంకో తెలుగు పిల్ల కూడా ఉంది. అనంతపురం నుంచో పాలమూరు నుంచో భవన నిర్మాణ పనికి వచ్చిన కూలీల కూతురు, ప్రభుత్వ పాఠశాలలో చదువుకుంటోంది. ఆ పిల్లకు బాధ్యత కొత్త కాదు. తమ్ముణ్ని ఎత్తుకుంటుంది, నీళ్లు పడుతుంది, పొయ్యి ముట్టిస్తుంది. ఆమెకు లేనిది ఆ పనికి గుర్తింపు, ఆడుకునే తీరిక. అపార్ట్‌మెంట్ పిల్ల నానా తంటాలు పడే చోట ఈ పిల్ల పెట్రోల్‌కి గురువవుతుంది. తనకు వచ్చిన పనిని పదిమంది గౌరవంగా చూడడం ఆమెకు కొత్త అనుభవం. యూనిఫాం, బూట్లు, క్యాంపు ఫీజు ఆ ఇంటికి భారం కాకుండా స్కూలే చూడగలిగితే ఎక్కువ మేలు జరిగేది ఈ పిల్లకేనని నేను గట్టిగా నమ్ముతాను.

దొడ్డబళ్లాపురం వైపు జరిగిన ఒక క్యాంపుకి, తల్లిదండ్రుల్ని రమ్మన్న రోజున, మా అక్కతో కలిసి వెళ్లాను. ముందు రాత్రి వాన పడి కట్టెలు తడిసిపోయాయి. ఎనిమిదో తరగతి చదివే మా అక్క కూతురే మల్లె పెట్రోల్ లీడర్. మూడు రాళ్ల పొయ్యి చుట్టూ ఏడుగురు గొంతుక్కూర్చుని ఊదుతున్నారు. కళ్లు ఎర్రబడ్డాయి, పొగే తప్ప మంట లేదు. పక్క పెట్రోల్ ఉప్మా అప్పటికే ఉడుకుతోంది. మా అక్క ఆగలేక రెండడుగులు వేసింది. కెప్టెన్ ఆమె చెయ్యి పట్టుకుని ‘ఇరి మేడం, అవరే నోడ్కొళ్తారె’ అన్నారు. ఉండండి, వాళ్లే చూసుకుంటారని.

పక్క పొయ్యి నుంచి నిప్పు తెద్దామని ఒకమ్మాయి అంది. పరువు పోతుందని ఇంకో అమ్మాయి అడ్డం పడింది. మా పిల్ల కాసేపు ఊరుకుని, ఇద్దర్ని నిప్పుకి పంపింది. మిగతావాళ్ల చేత తడి కట్టెల పైబెరడు చెక్కించి, లోపలి పొడి పుల్లలు తీయించింది. ఉప్మా ఆలస్యంగా అయింది, అడుగంటింది కూడా. తర్వాత పెట్రోల్ కూర్చున్నప్పుడు, కట్టెల్ని రాత్రే టార్పాలిన్ కిందికి ఎందుకు చేర్చలేదని శివాజీనగర్ నుంచి వచ్చిన అమ్మాయి కన్నడంలో నిలదీసింది. ‘నేను చెప్పాల్సింది, చెప్పలేదు’ అంది మా పిల్ల, అదీ కన్నడంలోనే. పుట్టినప్పటి నుంచి బెంగళూరులో ఉన్నా అది కన్నడం ఇలా గడగడా మాట్లాడగా మేం విన్నది లేదు. ఇంట్లో అయితే వాళ్లమ్మ పొయ్యి వెలిగించేది, నెపం వాన మీదకి పోయేది. టీచర్ తిట్టడం వేరు, నీతో సమానంగా ఆకలితో కూర్చున్న పిల్ల అడగడం వేరు. ఆ అడగడానికి జవాబు చెప్పి, మరునాడు మళ్లీ అదే పెట్రోల్‌ని నడిపించడంలో పిల్ల ఎదుగుతుంది. ఆరోజు శిక్షణ మా అక్కకూ జరిగిందనుకుంటాను. కూతురి పనిలో చెయ్యి పెట్టకుండా నిలబడడం ఆమెకు ఎంత కష్టమైందో పక్కనున్న నాకు తెలుసు.

దీని ప్రభావం చాలా కాలం ఉంటుందనడానికి ఒక ఆధారం ఉంది. బ్రిటన్‌లో 1958లో పుట్టిన దాదాపు పదివేల మంది వివరాలను ఎడిన్‌బరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరిశీలించి 2016లో ప్రచురించారు. చిన్నప్పుడు స్కౌట్స్‌లోనో గైడ్స్‌లోనో ఉన్నవాళ్లకు 50 ఏళ్ల వయసులో ఆందోళన, మానసిక కుంగుబాటు లాంటి సమస్యలు వచ్చే అవకాశం సుమారు 15 శాతం తక్కువగా తేలింది. అంతా ఆ దళం చలవేనని చెప్పలేం, అక్కడి సమాజం వేరు, కాలం వేరు. అయినా కొట్టిపారేయదగ్గ ఫలితం కాదు.

ఇంత విలువైనదాన్ని మన స్కూళ్లు చాలాచోట్ల స్వాగత కమిటీగా మార్చేశాయి. ఆడపిల్లల్ని బొట్టు పళ్లేలతో నిలబెట్టడానికి గైడ్ యూనిఫాం అక్కర్లేదు. కెప్టెన్‌గా ఉన్న టీచరమ్మకు ఆరు పీరియడ్ల పాఠం, పేపర్లు దిద్దడం పోగా మిగిలిన అరగంటలో కంపెనీ నడపమంటారు. ఆమె కవాతు ఒక్కటే చేయించగలదు, తప్పు ఆమెది కాదు. క్యాంపుల్లో సరైన మరుగుదొడ్డి, నెలసరి రోజుల్లో పిల్లకు కావాల్సినవి, రాత్రి కాపలాకు మహిళా పెద్దలు, వీటి గురించి తల్లులు అడిగితే విసుక్కునే సంస్థకు ఆడపిల్లల్ని తీసుకెళ్లే అర్హత లేదు.

అన్నిటికంటే పెద్ద నష్టం తొమ్మిదో తరగతిలో జరుగుతోంది. ప్రవేశ్ అనే మొదటి మెట్టు దాటి, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లనే తర్వాతి మెట్లు ఎక్కి, రాష్ట్రస్థాయి అవార్డు అయిన రాజ్య పురస్కార్‌కి సిద్ధమయ్యే వేళకి బోర్డు పరీక్షల పేరు చెప్పి మాన్పించేస్తాం. నాలుగేళ్లు ఇతరుల మాట విని పనిచేసిన పిల్ల, తానే చిన్నవాళ్లను నడిపించే వంతు వచ్చేసరికి ఇంటికి వచ్చేస్తుంది. వారానికి ఒక సాయంత్రం వల్ల పోయే మార్కులు ఎన్నని? పదిహేనేళ్ల అమ్మాయికి ముప్ఫై మంది చిన్నపిల్లల బాధ్యత అప్పగించే చోటు మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది?

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల షీటు చూశాక గైడ్ కెప్టెన్‌ని కలవండి. కోర్ట్ ఆఫ్ ఆనర్ చివరిసారి ఎప్పుడు జరిగింది, అందులో పిల్లలు తీసుకున్న నిర్ణయం ఏమిటి అని అడగండి. జవాబు లేకపోతే ఆమె వారం పనిలో రెండు పీరియడ్లు తగ్గించమని హెడ్ మిస్ట్రెస్‌ని అడగండి. స్కూల్లో కంపెనీయే లేకపోతే స్కూళ్లకు సంబంధం లేకుండా నడిచే ఓపెన్ గ్రూపులు ఉంటాయి. ప్యాలెస్ రోడ్డులోని రాష్ట్ర కార్యాలయంలో వివరాలు కనుక్కోవచ్చు. పిల్లను వెంటబెట్టుకుని వెళ్లండి, అక్కడ అడగాల్సినవి ఆ పిల్ల చేతే అడిగించండి.