ల్యాబ్ రిపోర్టులో పాయింటు తర్వాతి రెండో అంకె గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. మా రోడ్డు ఫైల్లో తమరి దర్శనమైంది. కంకర ఇంపాక్ట్ వాల్యూ, అంటే సుత్తి దెబ్బలకు కంకరలో పొడైపోయే వంతు, 23.97 శాతం. తక్కువైతే రాయి గట్టిది. రోడ్డు పైపొరలో వేసే బిటుమినస్ కాంక్రీటు (తారు కలిపిన కంకర మిశ్రమం) కంకరకు ఇది 24 దాటకూడదు. ఏడు రూపంలో వెలిసి, ఒక కాంట్రాక్టరు బిల్లును గట్టెక్కించారు. తమరి మహిమ సామాన్యమైనది కాదు.

మీ పుట్టుక ఎక్కడో కూడా చూశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక టిఫిన్ సెంటర్ మీద రెండో అంతస్తులో. గిన్నెలో అరకిలో కూడా లేని కంకర పోసి, దాదాపు 14 కిలోల సుత్తిని 380 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి 15 సార్లు వదిలారు. యంత్రం కదలని గట్టి నేల మీద ఉండాలని రూలు. ఇక్కడ సుత్తి పడ్డప్పుడల్లా కింద చట్నీ గిన్నెలు గలగలమన్నాయి. దెబ్బలో కొంత కంకరకు, కొంత చట్నీకి పోయింది. తర్వాత 2.36 మిల్లీమీటర్ల జల్లెడ పట్టారు. జల్లించే కుర్రాడికి ఆకలేస్తే జల్లెడ తొందరగా ఆగుతుంది, పొడి తక్కువ రాలుతుంది, రాయి గట్టిపడుతుంది. (హైదరాబాద్ గ్రానైట్‌కు లంచ్ టైమ్‌లో వచ్చే బలం గురించి భూగర్భ శాస్త్రజ్ఞులు ఆలోచించాలి.) ఇక ఆ గోనెసంచిలోకి కంకర ఎత్తింది క్రషర్ మనిషే. కుప్పలో ఏ వైపు నుంచి ఎత్తాడో ఆయనకూ దేవుడికీ తెలుసు.

ఇన్ని చేతులు మారాక కూడా మీరు వందో వంతు వరకు చెక్కుచెదరకుండా బయటికొచ్చారు!

ఒక చిన్న ఇబ్బంది మాత్రం ఉంది. ఈ పరీక్షకు మూలమైన భారతీయ ప్రమాణం ఐఎస్ 2386 నాలుగో భాగం 1963 నాటిది. రెండు నమూనాలు పరీక్షించి, సగటును దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించి రాయమంటుంది. మీ అన్నగారు మొదటి అంకెకే లెక్క మధ్యలో తప్ప చోటు లేదు. మీకైతే గుమ్మం కూడా చూపించలేదు. 24.3 వచ్చినా 24 అనే రాస్తారు, దర్జాగా పాసవుతుంది. అయినా 24 అని రాస్తే సార్ నమ్మరట. 23.97 అని రాస్తే ఎవరో నిజంగా కష్టపడ్డట్టు ఉంటుందట.

మొన్న మీటింగులో మీ పరపతి కళ్లారా చూశాను. అదే కంకరకు ఇంకో ల్యాబ్ 26 ఇచ్చింది. అందులో వింతేమీ లేదు. ఒకే మనిషి, ఒకే యంత్రం మీద వెంటవెంటనే చేసిన రెండు పరీక్షలకే కొంత తేడా వస్తుంది, దాన్ని రిపీటబిలిటీ అంటారు. ల్యాబ్ మారితే వచ్చే తేడా రీప్రొడ్యూసిబిలిటీ, అది మామూలుగా ఇంకా పెద్దది. ఆ రెండూ ఎంతో తేల్చాలంటే ఒకే కుప్పను పంచి చాలా ల్యాబులకు పంపాలి, ప్రతిచోటా మళ్లీ మళ్లీ చేయించాలి. అది తెలిస్తేనే 24కూ 26కూ మధ్య గొడవ పడాలో, టీ తాగాలో అర్థమవుతుంది. మా కాంట్రాక్టరు గారికి అంత ఓపిక లేదు. “మా రిపోర్టులో పాయింటు తర్వాత రెండంకెలున్నాయి సార్, వాళ్లదాంట్లో ఒక్కటీ లేదు. ఏది ఖచ్చితం?” అన్నారు. అందరూ తలూపారు. నేను టీ తాగాను.

కాంక్రీటు దగ్గరా మీదే రాజ్యం. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, బలం పరీక్షించడానికి ఒకే నమూనా నుంచి పోసిన మూడు క్యూబుల ఫలితాలు సగటుకు 15 శాతం అటూ ఇటూ ఉన్నా ఫలితం చెల్లుతుంది. 28, 32, 34 వచ్చాయనుకోండి, రిపోర్టులో 31.33 అని పడుతుంది. మూడు క్యూబుల్లో ఏదీ చూడని సంఖ్యకు రెండు దశాంశాల పట్టాభిషేకం!

కాబట్టి మనవి. ఈసారి వచ్చేటప్పుడు, ఫలితం ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే ప్లస్ ఆర్ మైనస్ గారిని కూడా వెంటబెట్టుకు రండి. ఆయన రిపోర్టులో అడుగుపెట్టి చాలా కాలమైంది. ఆయన వస్తే మీరు కూర్చోవడానికి చోటు మిగలదని మీ భయమైతే, ల్యాబ్ మెట్ల కింద బెంచీ ఖాళీగానే ఉంది.

ఇట్లు,
క్వాలిటీ కంట్రోల్ ఇంజినీరు, సుమారుగా