నోటీసు పంపితే సరిపోదు, చెరిపేసినట్టు జవాబు రావాలి

అమెరికాలో పాత కేసుల రికార్డు చెరిపివేత, సీలు (బయటివారికి కనబడకుండా మూసేయడం) గురించి చర్చంతా ఎవరు అర్హులన్న దాని చుట్టూనే తిరుగుతోంది. కొన్ని పాత కేసుల రికార్డు దానంతటదే సీలయ్యేలా 2018లో పెన్సిల్వేనియా ‘క్లీన్ స్లేట్’ చట్టం తెచ్చినప్పటి నుంచీ ఇదే వరస. చెరిపేయమని కోర్టు ఆదేశం వచ్చాక అది ఎవరికి, ఎలా చేరుతోందో అడిగేవారు లేరు. కొంప మునిగేది అక్కడే.

టెక్సాస్‌నే చూడండి. రికార్డు ఎవరెవరి దగ్గర ఉందో పిటిషన్‌లో పేరుపేరునా రాయాలి: అరెస్టు చేసిన పోలీసులు, జైలు, ప్రాసిక్యూటర్, రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ. నోటీసు, అందినట్టు రసీదు తెచ్చే తపాలాలో గానీ, భద్రమైన ఈమెయిల్‌లో గానీ వెళ్తుంది. జాబితాలో ఒక్క పేరు తప్పిపోయిందా, ఆ కార్యాలయానికి సంగతే తెలియదు, రికార్డు అక్కడే ఉండిపోతుంది. ఇల్లినాయిస్‌లో నోటీసుల బాధ్యత కోర్టు క్లర్కుదే. అభ్యంతరాలకు 60 రోజులు, ఆదేశం అందాక చెరపడానికి మరో 60 రోజులు. ఇది మెరుగైన పద్ధతి.

ఈమెయిల్ చేరినా పని కాకపోవడానికి ఇంకో కారణం ఉంది. కోర్టు ఫైలుకు గుర్తు కేసు నంబరు, పోలీసు రికార్డుకు గుర్తు వేలిముద్రలతో ముడిపడిన నంబరు. నోటీసులో రెండూ లేకపోతే పేరు, పుట్టిన తేదీ పట్టుకుని వెతకాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా రికార్డు దొరకదు. అందుకే ‘అందింది’ అనే జవాబు దేనికీ పనికిరాదు. ‘ఫలానా తేదీన చెరిపేశాం’ అని ప్రతి కార్యాలయమూ కోర్టుకు రాయాలి. గడువు దాటితే ఆ కార్యాలయం పేరు దానంతటదే జడ్జి ముందుకు రావాలి. ఆ జవాబు నకలు కేసు ఎవరిదో ఆ వ్యక్తికీ అందాలి.

పాత చిరునామాకు పంపితే గుట్టు పరుల చేతికి చిక్కుతుందంటారు. నిజమే. కేసు నంబరు కొట్టి చూసుకునే ఏర్పాటు పెడితే ఆ భయం ఉండదు.

కోర్టులు డేటాను టోకున అమ్మడం ఇంతకంటే పెద్ద తప్పు. ఆదేశం వచ్చేనాటికే ఉద్యోగమో అద్దె ఇల్లో ఇచ్చేవారి కోసం పాత కేసులు వెతికిపెట్టే నేపథ్య తనిఖీ కంపెనీల దగ్గర నకళ్లు ఉంటాయి. టోకు డేటా కొన్నవారికి తొలగించాల్సిన కేసుల జాబితా కూడా పంపే పెన్సిల్వేనియా పద్ధతిని అన్ని రాష్ట్రాలూ తప్పనిసరి చేయాలి. అది పాటించని కంపెనీకి అమ్మకం ఆపేయాలి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రాష్ట్ర కోర్టు చెరిపేసిన శిక్షను కూడా ఇమిగ్రేషన్ అధికారులు సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. వారికి చూపడానికి తీర్పు ధ్రువీకృత నకళ్లు పిటిషన్ వేయకముందే తీసుకోండి. చెరిపేశాక క్లర్కు దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలకపోవచ్చు.