దారులకు కాపలా, తీరం గాలికి: ట్రింకోమలీ చెప్పే విశాఖ కథ

1804 సెప్టెంబర్ 15. విశాఖపట్నం బయట సముద్రంలో మూడు ఓడలు లంగరేసి ఉన్నాయి. ఒకటి బ్రిటిష్ రాయల్ నేవీ యుద్ధనౌక సెంచూరియన్, 50 ఫిరంగులది. మిగతా రెండూ సరుకు కోసం వచ్చిన బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్. సెంచూరియన్ అసలు కెప్టెన్ ఒంట్లో బాగాలేక మద్రాసులో ఉండిపోయాడు. ఆ రోజు నౌకను నడుపుతున్నది జేమ్స్ లిండ్ అనే మరో అధికారి. ఇంతలో ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ వచ్చి మీద పడ్డాడు. ఆయన వెంట 74 ఫిరంగుల మారెంగో, ఇంకా ఫ్రిగేట్లనే చిన్న యుద్ధనౌకలు రెండు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి అలల్లో ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. దెబ్బలు తిన్న సెంచూరియన్ మాత్రం లొంగలేదు. చివరికి లినోయిస్ దొరికిన ఓడను తీసుకుని తన దారిన తాను పోయాడు. లిండ్‌కు లండన్‌లో నైట్ బిరుదు ఇచ్చారు.

ఇంత యుద్ధం మన ఊరి ముందే జరిగినా మన చరిత్రలో దీనికి నాలుగు వాక్యాలు కూడా దక్కలేదు. ఉత్తర సర్కారుల కథ అనగానే మనకు బొబ్బిలి, చందుర్తి, మచిలీపట్నం కోట గుర్తొస్తాయి. అవన్నీ నేల మీద కథలు. కానీ ఈ తీరం ఎవరి చేతిలో ఉండాలన్నది చాలాసార్లు నీళ్ల మీదే తేలింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్లకు సాయంగా పుదుచ్చేరి నుంచి ఓడల్లో బయల్దేరిన సైనికులు వచ్చేసరికే కోట చేతులు మారిపోయింది. ఆ సాయం పది రోజుల ముందు అంది ఉంటే కోస్తా కథ ఎలా ఉండేదో!

ఆ నీళ్ల మీద పెత్తనం చేసిన వ్యవస్థ పేరు ఈస్ట్ ఇండీస్ స్టేషన్. స్టేషన్ అంటే ఒక రేవో, ఒక భవనమో కాదు. సముద్రంలో ఒక ఇలాకా. 1744లో కమోడోర్ కర్టిస్ బార్నెట్ కొద్దిపాటి ఓడలతో బయల్దేరిన నాటి నుంచి 1958లో మూసేసే వరకు, రెండు శతాబ్దాలకు పైగా ఈ ఇలాకాకు ఒక కమాండర్-ఇన్-చీఫ్ ఉంటూ వచ్చాడు. ఒకప్పుడు హిందూ మహాసముద్రం నుంచి చైనా తీరం దాకా అంతా ఆయన కిందే. 1859లో ఆస్ట్రేలియా, 1865లో చైనా విడిపోయాయి.

ఈ స్టేషన్ చరిత్ర చదివితే నాకు ఒక్కటే విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అది కాపలా కాసింది దారులకు. తీరాలకు కాదు. సరుకు నడిచే దారి, సైన్యం నడిచే దారి క్షేమంగా ఉంటే చాలు. దారికి ముప్పు రానంత వరకు తీరంలో ఉన్న ఊళ్లది రెండో స్థానమే.

దీనికి మొదటి దెబ్బ తిన్నది మద్రాసు. 1746లో బార్నెట్ చనిపోవడంతో పెత్తనం ఎడ్వర్డ్ పేటన్ చేతికొచ్చింది. నాగపట్నం ముందు ఫ్రెంచి లాబూర్దొనైతో ఒక పోరు జరిగి ఎటూ తేలలేదు. మళ్లీ ఎదురుపడ్డప్పుడు పేటన్ పోరాడకుండా బెంగాల్ వైపు వెళ్లిపోయాడు. సెప్టెంబర్‌లో మద్రాసు పడిపోయింది. బందీలైన ఈస్ట్ ఇండియా కంపెనీ గుమాస్తాల్లో రాబర్ట్ క్లైవ్ అనే కుర్రాడు కూడా ఉన్నాడు. పేటన్ పిరికితనం అని చరిత్రకారులు తేల్చేశారు. పిరికితనం ఉండొచ్చు. కానీ ఆ ఓడలు పాడయ్యాయి, బాగుచేసుకోవడానికి బ్రిటిష్ వాళ్లకు ఈ తీరంలో చోటు లేదు. నాగపట్నం పోరు తర్వాత పేటన్ మరమ్మతులకు వెళ్లింది లంక తూర్పు తీరంలోని ట్రింకోమలీకి. అప్పటికి అది డచ్చివాళ్ల ప్రభావంలో ఉన్న రేవు. పరాయి పంచన ఓడలు బాగుచేసుకుంటూ సొంత తీరాన్ని కాపాడటం ఎలా కుదురుతుంది?

ఇక్కడ మన తీరం స్వభావం కొంచెం తెలియాలి. హుగ్లీ నుంచి కన్యాకుమారి వైపు వస్తుంటే, పెద్ద యుద్ధనౌక గాలివానలో తలదాచుకోవడానికి ఆ రోజుల్లో ఒక్క చోటు లేదు. మద్రాసులో ఓడ మైలు దూరంలో నిలబడాల్సిందే. విశాఖలో ఏటి మొగకు అడ్డంగా ఇసుక తిన్నె. మనుషులూ సరుకూ ఒడ్డుకు చేరాలంటే మసూలా పడవే దిక్కు. ఆ పడవలో మేకు ఉండదు. చెక్కలన్నీ కొబ్బరి పీచు తాడుతో కుట్టినవి. అల కొట్టినప్పుడు పడవ విరగదు, వంగుతుంది. మేకులు కొట్టిన ఇంగ్లీషు పడవలు ముక్కలయ్యే చోట, మన మత్స్యకారులు కుట్టుపడవల మీద అడ్మిరళ్లను ఒడ్డుకు దించారు. సామ్రాజ్యం చివరి అర మైలు నడిచింది ఆ తాడు కుట్ల మీద, తెడ్డు వేసిన చేతుల మీద. ఆ చేతుల పేర్లు ఏ నౌకా చరిత్రలోనూ లేవు.

అక్టోబర్ వస్తే ఈ బతుకు కూడా ఉండదు. ఈశాన్య గాలులు మొదలవుతాయి, తుపాన్లు వస్తాయి. 1746 అక్టోబర్‌లో మద్రాసు గెలిచిన లాబూర్దొనై ఓడలనే తుపాను తుడిచిపెట్టింది. అందుకే అక్టోబర్ నడిమికి నౌకాదళం కోరమండల్ తీరం, అంటే ఈ తూర్పు తీరం, వదిలి పోవాలి. పోతే ఎక్కడికి? నీళ్లు తోడేసి ఓడల్ని బాగుచేసే డ్రై డాక్ ఉన్న బొంబాయికి. అంటే లంక చుట్టూ తిరిగి, బాగుచేయించుకుని, మళ్లీ చుట్టూ తిరిగి వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో తీరం ఖాళీ.

ఈ ఇబ్బందికి ప్రకృతి ఇచ్చిన జవాబు ట్రింకోమలీ. చుట్టూ కొండలు, మధ్యలో లోతైన నీళ్లు, ఏ కాలంలో అయినా లోపలికి రావచ్చు. బంగాళాఖాతానికి తలుపు గడియ లాంటిది. 1782 జనవరిలో అడ్మిరల్ ఎడ్వర్డ్ హ్యూస్ డచ్చివాళ్ల నుంచి దాన్ని పట్టుకున్నాడు. ఆగస్టు చివర్లో ఫ్రెంచి సుఫ్రెన్ లాక్కున్నాడు. పోగొట్టుకున్న రేవు ముందే సెప్టెంబర్ 3న ఇద్దరూ కొట్టుకున్నారు. 16 నెలల్లో సద్రాస్ నుంచి కడలూరు దాకా వాళ్ల మధ్య అయిదు యుద్ధాలు. గెలుపోటములు తేలలేదు గానీ పాఠం మాత్రం తేలింది. చేతిలో రేవు ఉన్నవాడు తీరం దగ్గర ఉంటాడు, లేనివాడు బొంబాయికి పోతాడు. 1795లో బ్రిటిష్ వాళ్లు ట్రింకోమలీని మళ్లీ పట్టుకున్నాక 1957 దాకా వదల్లేదంటే కారణం ఇదే.

ఇక కమాండ్ సంగతి. లండన్ నుంచి ఒక ఉత్తరం రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టేది. జవాబుకు మళ్లీ అంతే. కాబట్టి ఇక్కడి అడ్మిరల్ సగం రాజు. నియమించేది లండన్‌లో నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీ, ఇక్కడ సరుకులు, మరమ్మతుల కోసం ఆధారపడేది కంపెనీ మీద. వీటికి తోడు డబ్బు. శత్రువు ఓడను పట్టుకుంటే దాని విలువలో వాటాలుండేవి. తాను ఆ చోట లేకపోయినా అడ్మిరల్‌కు ఎనిమిదో వంతు దక్కేది. 1794 నుంచి 1805 దాకా ఇక్కడ పెత్తనం చేసిన పీటర్ రైనియర్ ఎంత గడించాడంటే, చనిపోతూ తన ఆస్తిలో పదో వంతు బ్రిటన్ జాతీయ రుణం తీర్చడానికి రాసిపెట్టాడు. వాళ్ల దేశం దాన్ని దేశభక్తిగా మెచ్చుకుంది. ఆ సొమ్ము ఎక్కడ పుట్టిందో మనం గుర్తుపెట్టుకోవాలి. వాటాలు పుట్టేది దారుల మీద దొరికే ఓడల్లోనే. ఊరి ముందు కాపలా కాస్తే ఎవరికీ పైసా రాదు.

1805లో లండన్ ఇంకో తప్పు చేసింది. ఉన్న ఒక్క కమాండ్‌ను రెండు ముక్కలు చేసి పడమటి భాగం ఎడ్వర్డ్ పెల్యూకు, తూర్పు భాగం థామస్ ట్రూబ్రిడ్జ్‌కు ఇచ్చింది. కారణం రాజకీయం. ఇద్దరూ మొండివాళ్లే. పెల్యూ ఆ విభజనను ఒప్పుకోలేదు. శత్రువును వదిలేసి ఇద్దరు అడ్మిరళ్లు ఒకరి మీద ఒకరు లండన్‌కు ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నారు. చివరికి పెత్తనం అంతా పెల్యూకే దక్కింది. ట్రూబ్రిడ్జ్‌ను దక్షిణాఫ్రికాలోని కేప్‌కు మార్చారు. 1807లో ఆయన బ్లెన్‌హైమ్ అనే పాత ఓడలో మద్రాసు నుంచి బయల్దేరాడు. అది సముద్రానికి పనికిరాదని చెప్పినవాళ్లు ఉన్నారు, వినలేదు. మడగాస్కర్ దగ్గర తుపానులో ఓడ మనుషులతో సహా మాయమైంది. ఆయన కొడుకు కూడా నేవీ కెప్టెనే. గ్రేహౌండ్ అనే నౌకలో తండ్రి కోసం ఆ సముద్రమంతా వెతికాడు. జాడ దొరకలేదు. రెండు శతాబ్దాల తర్వాత చదివినా ఆ కొడుకు వెతుకులాట దగ్గర మనసు ఆగిపోతుంది.

ఆవిరి ఓడలొచ్చాయి, 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది, ఉత్తరాల స్థానంలో టెలిగ్రాఫ్ వచ్చింది. సగం రాజు కాస్తా లండన్ ఆఫీసుకు దూరపు గుమాస్తా అయ్యాడు. స్టేషన్ అసలు పని మాత్రం మారలేదు. మారింది బిల్లు ఎవరు కడతారన్నదే. 1863లో కంపెనీ నాటి ఇండియన్ నేవీని ఎత్తేశారు. మీ సముద్రాన్ని మేమే చూసుకుంటాం, ఖర్చు మీరివ్వండి అన్నది ఏర్పాటు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో భారత ఖజానా నుంచి ఏటా లక్ష పౌండ్లు రాయల్ నేవీకి వెళ్లేవి. 1938లో గానీ ఆ చెల్లింపు ఆగలేదు.

ఆ డబ్బుకు మనకు ఏం దక్కింది? 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ క్రూయిజర్ ఎమ్డెన్ ఒంటరిగా మద్రాసు ముందుకొచ్చి, సెర్చ్‌లైట్ వేసి చూసి మరీ చమురు ట్యాంకుల్ని తగలబెట్టింది. అప్పుడు స్టేషన్ ఓడలు ఏం చేస్తున్నాయి? భారత సైనికుల్ని ఎక్కించుకుని యుద్ధానికి పోతున్న కాన్వాయ్‌లకు కాపలా కాస్తున్నాయి. సైన్యం లెక్కలో అది సరైన పనే కావచ్చు. మన లెక్కలో మాత్రం, మన మనుషుల్ని పరాయి యుద్ధానికి తీసుకెళ్లే దారికి కాపలా ఉంది, ఆ మనుషుల ఇళ్లున్న తీరానికి లేదు. ఎమ్డెన్‌ను నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర దెబ్బకొట్టింది కూడా ఆస్ట్రేలియా నౌక సిడ్నీయే.

1942 సంగతి మా ఇంట్లో చరిత్ర పుస్తకం కాదు, కాలెండర్. ఎవరైనా ఎప్పుడు పుట్టారంటే "బాంబులు పడ్డ ఏడాది" అనేది మా అమ్మమ్మ. ఏప్రిల్ 5న జపాన్ అడ్మిరల్ నగుమో విమానాలు కొలంబో మీద పడ్డాయి, 9న ట్రింకోమలీ మీద. నడుమ ఏప్రిల్ 6న, మరో జపాన్ అడ్మిరల్ ఒజావా దళంలోని విమానవాహక నౌక ర్యూజో విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. ఎడ్లబండ్లు కట్టుకుని, గిన్నెలూ చెంబులూ మూటగట్టుకుని జనం లోపలి పల్లెలకు పోయారు. ఆవును వదిలి రావడానికి మనసొప్పక ఒక రోజు ఆలస్యంగా బయల్దేరామని అమ్మమ్మ చెప్పేది. ఆ ఒక్క రోజు టెన్షన్ ఆమె గొంతులో చివరి దాకా ఉంది.

ఆ సమయంలో బ్రిటిష్ అడ్మిరల్ సోమర్విల్ నడిపిన ఈస్టర్న్ ఫ్లీట్, మాల్దీవుల్లో అడ్డూ దీవుల దగ్గర రహస్య రేవు చూసుకుని జపాన్‌కు చిక్కకుండా తప్పుకుంటోంది. తర్వాత ఆఫ్రికా తీరంలో మొంబాసా దగ్గరి కిలిండినికి వెళ్లిపోయింది. హెర్మిస్ అనే విమానవాహక నౌకను, డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ క్రూయిజర్లను అప్పటికే పోగొట్టుకున్నారు. మిగతావి కూడా పోతే సూయజ్ దారి, కేప్ దారి రెండూ పోతాయి. సోమర్విల్ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. ఆ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారేమో. తప్పు ఆ ఏర్పాటులో ఉంది. రెండు శతాబ్దాలు "మీ సముద్రం మా బాధ్యత" అని చెప్పి, ముప్పు నిజంగా వచ్చిన రోజున తీరాన్ని గాలికి వదిలేసి దారిని ఎంచుకున్నారు. 1746లో, 1914లో చూసిందే 1942లో కూడా చూశాం. 1804లో లిండ్ వీరంగా పోరాడాడు, కాదనను. కానీ ఆయన కాపాడటానికి వచ్చింది రెండు వ్యాపార ఓడల్ని, ఊరిని కాదు.

మన తీరం కూడా ఎప్పుడూ చేతులు కట్టుకుని చూసినది కాదని ఒక మాట చెప్పాలి. కాకినాడ దగ్గరి కోరంగిలో ఓడలు కట్టేవారు. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని దెబ్బతీశాయి. బర్మాలో తెలుగువాళ్లందరినీ "కోరంగీలు" అని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం వెళ్లిందో చూడండి. ఆ నైపుణ్యాన్ని నిలబెట్టాల్సిన అవసరం ట్రింకోమలీ, బొంబాయిల మీదే కన్నున్న ప్రభుత్వానికి కనిపించలేదు. డాల్ఫిన్ నోస్ కొండ చాటున విశాఖకు అసలైన లోపలి రేవు వచ్చింది 1933లో. ఆ కొండ అక్కడే ఉంది, 1804లోనూ ఉంది.

1957 అక్టోబర్‌లో లంకలోని బండారనాయకే ప్రభుత్వం ట్రింకోమలీని వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది ఈస్ట్ ఇండీస్ స్టేషన్ మూతపడింది. అదే 1958 ఏప్రిల్‌లో, హైదరాబాద్‌లో పెరిగిన రామ్‌దాస్ కటారి భారత నౌకాదళానికి అధిపతి అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. స్వాతంత్య్రం వచ్చి అప్పటికి పదేళ్లు దాటింది. అంతవరకు కూర్చున్న వాళ్లందరూ బ్రిటిష్ అధికారులే.

ట్రింకోమలీలో బ్రిటిష్ వాళ్లు కట్టిన చమురు ట్యాంకుల్లో 99 ఇంకా నిలబడి ఉన్నాయి. వాటిని కలిసి వాడుకోవడానికి 2022 జనవరిలో భారత్, శ్రీలంక ఒప్పందం చేసుకున్నాయి. మన అవసరం ఉంది, ఒప్పుకుంటాను. అయితే లంక తమిళుల ఊరిని, సింహళుల ఊరిని మనం కూడా దారి పక్కన గడియగా మాత్రమే చూస్తే, ఆ పాత అడ్మిరళ్ల కళ్లద్దాలే పెట్టుకున్నట్టు. అక్కడి మత్స్యకారుడు ఆ రేవులో వల వేయగలుగుతున్నాడా అన్నది ఒప్పందంలో మొదటి పేజీలో ఉండాల్సిన ప్రశ్న.

విశాఖలో యుద్ధకాలంలో పెట్టిన నౌకా స్థావరానికి ఆ రోజుల్లో హెచ్ఎంఐఎస్ (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) సర్కార్స్ అని పేరు. ఉత్తర సర్కారుల పేరు మీద పెట్టింది. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ అదే ఊళ్లో మొదలైంది. స్థావరం పేరులో ముందున్న ఇంగ్లీషు రాజుగారి అక్షరాలు పోయాయి. ఇప్పుడు దాన్ని ఐఎన్ఎస్ సర్కార్స్ అంటున్నారు.